ఈ సిగ్గు మనది కాదు

మేము గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల వాళ్లం. 2016 అక్టోబరు 11 దాకా ఈ మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేవి. అందుకే ఎవరన్నా అడిగితే ఇప్పటికీ పాలమూరోళ్లమనే చెప్తాం. మాలో తండాల్లో పుట్టినవాళ్లున్నారు. నల్లమల పెంటల్లో పుట్టిన చెంచులున్నారు. ఊరి చివర బుట్టలల్లే ఎరుకల ఇండ్ల నుంచి వచ్చినవాళ్లున్నారు. కొందరం బడుల్లో పాఠాలు చెప్తున్నాం, కొందరం ఇంకా చదువుకుంటున్నాం. మా మాటలు వేరు, దేవుళ్లు వేరు, పెండ్లి తీర్లు వేరు. అయినా కలిసి కూర్చున్న ప్రతిసారీ మాట తిరిగి తిరిగి ఒక్కచోటికే వస్తుంది. మన పిల్లలు తమను తాము తక్కువగా చూసుకుంటున్నారు. వాళ్లకు తెలివి ఉంది, పని చేతనవును. కానీ తమను చూసుకునే కళ్లు మాత్రం వాళ్లవి కావు, ఎవరో ఇచ్చినవి.

ఈ వ్యాసం ఆ సంగతి మీదే. చదువుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, వాళ్లకు చదువు చెప్పే సార్లకు, మేడమ్‌లకు కలిపి రాస్తున్నాం.

ఎట్లా గుర్తుపట్టాలి

తనను తాను తక్కువ చేసుకోవడం జ్వరంలాగ పైకి కనపడదు. చిన్నచిన్న అలవాట్లలో దాక్కొని ఉంటుంది. మేము చూసినవి కొన్ని చెప్తాం.

కాలేజీలో కొత్తగా చేరిన పిల్లవాణ్ణి "మీదే ఊరు?" అని అడిగితే తండా పేరు చెప్పడు. "అచ్చంపేట దగ్గర" అంటాడు, "పెబ్బేరు సైడు" అంటాడు. ఇంకొకడు ఇన్‌స్టాగ్రామ్‌లో తన పేరు చివరి నాయక్‌ను తీసేస్తాడు. సర్టిఫికెట్‌లో తీసేయలేడు కాబట్టి హాల్‌టికెట్ ఎవరికీ చూపించడు. హాస్టల్‌లో ఉన్న అమ్మాయికి ఇంటి నుంచి ఫోన్ వస్తే వరండా చివరికి పోయి, యాడితో గోర్ బోలిలో రెండు ముక్కలు గుసగుసలాడి పెట్టేస్తుంది. ఫేటియా, కాంచళి వేసుకునే తల్లి చూడ్డానికి వస్తానంటే "యాడీ, చీర కట్టుకుని రా" అంటుంది. తల్లి ఏమీ అనదు. వచ్చే నెల చీరతోనే వస్తుంది. అద్దాల బట్టలు పెట్టెలోకి పోతాయి.

పెంటల నుంచి వచ్చిన పిల్లలది ఇంకో తీరు. జవాబు తెలిసినా చేయి ఎత్తరు. "నీకు తెలుసు కదా, ఎందుకు చెప్పలేదు?" అంటే తల దించుకుని నవ్వుతారు. పండుగ సెలవులకు ఇంటికి పోయి మళ్లీ రారు. రిజిస్టర్‌లో "డ్రాపౌట్" అని రాస్తారు. ఎందుకు రాలేదో రాసే గడి ఆ రిజిస్టర్‌లో ఉండదు.

అన్నింటికన్నా మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టే గుర్తు ఒకటుంది. పరీక్ష తప్పితే పక్కనున్న పిల్లవాడు "ఈసారి సరిగా చదవలేదు" అంటాడు. మనవాడు "మేమింతే సార్" అంటాడు. "నేను" అనాల్సిన చోట "మేము" వచ్చి కూర్చుంటుంది. ఒక్క లెక్కల పేపరు మొత్తం జాతి మీద తీర్పు అయిపోతుంది. మార్కులు బాగా వచ్చినప్పుడు మాత్రం ఆ "మేము" ఎక్కడికో పోతుంది. అప్పుడు అదృష్టం అంటాడు. లేకపోతే ఇంకొకరు అనకముందే తానే "కోటాలో వచ్చిందిలే" అని నవ్వేస్తాడు. ఓడితే జాతి, గెలిస్తే అదృష్టం. ఈ లెక్కలో మనిషికి మిగిలేది ఏమీ లేదు.

ఈ చూపు ఎక్కడి నుంచి వచ్చింది

ఈ లెక్క మన తాతలు రాసింది కాదు. దానికి తేదీలున్నాయి, చట్టాలున్నాయి. వాటిని తెలుసుకోవడమే మందులో మొదటి మోతాదు అని మా నమ్మకం.

లంబాడీల సంగతి చూద్దాం. వందల ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని సముద్రం ఒడ్డు నుంచి దక్కన్ లోపలి దాకా నడిచిన వ్యాపారులు వాళ్లు. మొగలుల సైన్యాలకు, నిజాం సైన్యాలకు తిండిగింజలు చేరవేసింది ఆ లదేణి బిడారులే. పందొమ్మిదో శతాబ్దంలో రోడ్లు, రైళ్లు వచ్చాక ఆ వ్యాపారం కూలిపోయింది. పని పోయి తిరుగుతున్న మనుషుల మీద పాలకులకు అనుమానం పుట్టింది. 1871లో ఇంగ్లీషు ప్రభుత్వం నేరస్త తెగల చట్టం తెచ్చింది. ఒక తెగలో పుట్టడమే నేరానికి గుర్తు అని చెప్పిన చట్టం అది. పేర్లు నమోదు చేయించుకోవాలి, పోలీసు ముందు హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. నిజాం రాజ్యంలోనూ లంబాడీల మీద ఆ ముద్ర పడింది. వర్తకులు అనుమానితులుగా, కూలీలుగా ఎట్లా మారారో చరిత్రకారుడు భంగ్యా భుక్యా 2010లో వచ్చిన తన ఇంగ్లీషు పుస్తకంలో వివరంగా చెప్పారు. నిజాం పాలనలోని లంబాడీల మీద వచ్చిన ఆ పుస్తకం మన కాలేజీ లైబ్రరీల్లో ఉండాల్సినది.

ఎరుకల వాళ్లదీ అదే కథ. 1913లో గుంటూరు సీమలో ఎరుకల కుటుంబాల కోసం స్టూవర్టుపురం సెటిల్‌మెంటు పెట్టారు. ఆ ఊరి పేరు సినిమాల దాకా పోయి తిట్టుగా మారింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది 1947లో. ఆ నేరస్త తెగల చట్టం రద్దయింది 1952 ఆగస్టు 31న. అంటే మిగతా దేశానికి వచ్చిన ఐదేళ్లకు గానీ మన పెద్దలకు స్వేచ్ఛ అందలేదు. అది కూడా కాగితం మీద. మన ముత్తాతల కాలం నాటి ఆ హాజరు పట్టీ నీడ, తరగతిలో చేయి ఎత్తలేని పిల్లవాడి మీద ఇంకా పడుతూనే ఉంది.

చెంచుల మీద పడిన మాట వేరు. 1975లో ప్రభుత్వం "ఆదిమ తెగ" అని ఒక జాబితా చేసి అందులో పెట్టింది. 2006లో ఆ మాట మార్చి "ప్రత్యేకంగా దుర్బలమైన గిరిజన సమూహం" అంది. పథకాలు ఎవరికి ముందు అందాలో చెప్పడానికి పెట్టుకున్న ఆఫీసు మాటలవి. కానీ బడిలో పిల్లవాడికి అవి ఆఫీసు మాటల్లాగ వినపడవు. "నువ్వు పాతకాలపు మనిషివి, బలహీనుడివి" అన్నట్టు వినపడతాయి.

ఆఫీసు మాటలు ఎంత తేలికగా మారుతాయో చెప్పడానికి ఒక్క ఉదాహరణ. 1956లో ఆంధ్ర, తెలంగాణ ఒకే రాష్ట్రమయ్యాయి. అక్కడి లంబాడీలు షెడ్యూల్డు తెగ, ఇక్కడి లంబాడీలు కాదు. అదే మాట, అదే అద్దాల బట్ట, అదే తీజ్ పండుగ. 1976 చట్టం వచ్చాక గానీ తెలంగాణ లంబాడీల పేరు ఆ జాబితాలోకి ఎక్కలేదు. మనుషులు మారలేదు, కాగితం మారింది. భాష సంగతీ అంతే. 2011 జనగణనలో లంబాడీని మాతృభాషగా చెప్పినవాళ్లు 32 లక్షల మందికి పైనే. వాళ్లందరినీ హిందీ కింద కలిపి లెక్కగట్టారు. మన మాట చిన్నది కాదు. దాన్ని ఇంకొకరి ఖాతాలో రాశారు, అందుకే కనపడదు.

మన జిల్లాల మీద కూడా ముద్రలున్నాయి. కరువు జిల్లా, వలస జిల్లా. గట్టు మండలం పేరు పేపర్లో వచ్చిందంటే అక్షరాస్యత తక్కువ అనే మాట పక్కనే ఉంటుంది. ఎన్ని ప్రాజెక్టుల మట్టి పాలమూరు కూలీలు మోశారో, ముంబయిలో, పూణేలో ఎన్ని మేడలు మన తండాల వాళ్ల చేతుల మీద లేచాయో ఆ వార్తలో ఉండదు. కొరతను మాత్రమే లెక్కపెట్టే చోట పెరిగిన పిల్లవాడు తనలోనూ కొరతనే లెక్కపెట్టుకుంటాడు.

అద్దం ముందు మంత్రం

దీనికి మందుగా మన పిల్లలకు ఎక్కువగా అందేది ఒక సలహా. పొద్దున్నే లేచి అద్దం ముందు నిలబడి "నేను గొప్పవాణ్ణి, నేను సాధిస్తాను" అని పదిసార్లు అనుకొమ్మంటారు. వ్యక్తిత్వ వికాసం క్లాసుల్లో ఇది బాగా నడుస్తుంది. వినడానికి బాగుంటుంది. పని చేస్తుందా?

2009లో కెనడాకు చెందిన మనస్తత్వ పరిశోధకులు జోన్ వుడ్ బృందం ఇటువంటి మాటలనే పరీక్షించింది. తమ మీద తమకు ఇప్పటికే మంచి అభిప్రాయం ఉన్నవాళ్లకు ఆ మాటలు కొంచెం మేలు చేశాయి. తమను తక్కువగా చూసుకునేవాళ్లకు మాత్రం అవి అనుకున్న తర్వాత మనసు ఇంకా కుంగింది. కారణం తేలికే. నోరు "గొప్పవాణ్ణి" అంటుంటే లోపల నుంచి ఇంకో గొంతు "అబద్ధం" అంటుంది. ఆ కొట్లాటలో లోపలి గొంతే గెలుస్తుంది.

పేపర్లో, ఫోన్లో అమ్మే మందులూ అంతే. నలుపు తగ్గిస్తామని చెప్పే క్రీము పేరులోని "ఫెయిర్" అనే మాటను 2020లో కంపెనీయే తీసేసుకుంది. పేరు మారినా మన కొట్లలో అదే చిన్న ప్యాకెట్ వేలాడుతోంది. ఎండలో పని చేసిన ఒంటి రంగును సిగ్గుపడాల్సిన సంగతిగా చేసి, మళ్లీ ఆ సిగ్గుకు మందు అమ్మడం పెద్ద వ్యాపారం. రీల్స్‌లో కనపడే ఇండ్లు, బండ్లు, చర్మాలు చూసి మన పెంకుటిల్లును కొలుచుకుంటే ఎప్పటికీ తక్కువే వస్తుంది. ఆ కొలబద్ద మనకోసం చేసింది కాదు.

ఇంకో తప్పుదారి కూడా ఉంది. తక్కువ చేసుకున్నవాళ్లే ఒక్కోసారి ఎగిరిపడి "మేమే రాజులం, మిగతావాళ్లెవరూ మాకు సాటిరారు" అంటారు. అదీ ఆరోగ్యం కాదు. ఎవరో ఒకరి కన్నా పైన ఉంటే తప్ప నిలబడలేని స్థితి అది. మనం కోరుకునేది సరైన తూకం. చేతనైనదాన్ని చేతనవునని, రానిదాన్ని ఇంకా రాలేదని కళ్లు దించకుండా చెప్పగలగడం.

చేతులతో చేయగలిగినవి

మాకు పనికొచ్చినవి, మా పిల్లల దగ్గర పని చేస్తుండగా చూసినవి ఇక్కడ చెప్తాం.

మొదటిది, ఒక నోటుబుక్కు తీసి లెక్క రాయడం. ఒక పక్క "నాకు చేతనైనవి", ఇంకో పక్క "ఇంకా నేర్చుకోవాల్సినవి". చేతనైన ప్రతి పనికీ రుజువు రాయాలి. "నేను ధైర్యవంతుణ్ణి" అని రాయకూడదు. "పోయిన వానకాలం వాగు పొంగినప్పుడు మేకల్ని పైకి తోలుకొచ్చాను" అని రాయాలి. అమ్మానాయన ముంబయికి పోతే ఆర్నెల్లు ఇంటిని, తమ్ముణ్ణి, రేషన్ కార్డును చూసుకున్న అమ్మాయి ఆ పక్కన చాలా రాయగలదు. తపసి చెట్టుకు ఎక్కడ గాటు పెడితే చెట్టు చావకుండా బంక వస్తుందో తెలిసిన పిల్లవాడు, అడుగు చూసి ఏ జంతువు ఎటు పోయిందో చెప్పగలిగే పిల్లవాడు చాలా రాయగలడు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అటవీశాఖ బేస్ క్యాంపుల్లో కాపలాకు చెంచులను పెట్టుకుంటోంది. ఎందుకు? ఆ చదువు వాళ్లకే ఉంది కాబట్టి. బడిలో సున్నా మార్కులు వచ్చే ఆ తెలివికి అడవిలో జీతం వస్తోంది.

అమెరికాలో జెఫ్రీ కోహెన్ అనే పరిశోధకుడి బృందం ఏడో తరగతిలో నల్లజాతి పిల్లల చేత ఇటువంటిదే చేయించింది. తమకు ఏది విలువైనదో, ఎందుకో పావుగంటసేపు రాయమన్నారు. ఇల్లు, స్నేహం, కళ, ఏదైనా సరే. ఆ టర్ము ముగిసేసరికి ఆ పిల్లల మార్కులు మెరుగయ్యాయని 2006లో ప్రచురించారు. తర్వాత వేరే బడుల్లో చేసినప్పుడు ప్రతిచోటా అంత ఫలితం రాలేదు. ఇది మంత్రం కాదు కాబట్టే ఆ మాటా చెప్తున్నాం. కానీ పావుగంట, ఒక కాగితం తప్ప ఖర్చు లేని పని.

రెండోది, పనితనం. నమ్మకం ముందు వచ్చి పని తర్వాత రాదు. చాలాసార్లు పని వచ్చాకే నమ్మకం వస్తుంది. మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చి గురుకులంలో చదువుతున్న కూలీల బిడ్డ. పోస్టర్లలో ఆమె శిఖరం మీద ఉన్న ఫొటోనే వేస్తారు. దానికి ముందు భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకుని ఎక్కడం నేర్చుకుంది. తర్వాత డార్జిలింగ్‌లో, ఆ తర్వాత లడఖ్ మంచులో శిక్షణ తీసుకుంది. మన పిల్లలకు చూపించాల్సింది శిఖరం ఫొటో కన్నా ఆ భువనగిరి గుట్టను. మీ ముందున్న చిన్న గుట్ట ఏది? పదో తరగతి లెక్కలా, డ్రైవింగ్ లైసెన్సా, కంప్యూటర్‌లో తెలుగు టైపింగా? దాన్ని ఈ ఆర్నెల్లలో ఎక్కండి.

మూడోది, తాడు పట్టే మనిషి. కొండ అంచు నుంచి కిందికి వేలాడి తేనె తీసే చెంచు మనిషి పైన తాడు ఎవరి చేతికి ఇస్తాడో మన పెంటల్లో అందరికీ తెలుసు. బామ్మర్ది చేతికిస్తాడు. అక్క పసుపుకుంకుమలు కాపాడుకోవాలి కాబట్టి అతను తాడు వదలడు. ఎంత నైపుణ్యం ఉన్నవాడైనా ఒంటరిగా దిగడు. చదువులోనూ మీ తాడు ఎవరి చేతిలో ఉందో చూసుకోండి. మిమ్మల్ని చూసి నవ్వే గుంపు చేతిలో పెట్టకండి. మీ తండా నుంచి నర్సుగా పోయిన అక్కను, డిగ్రీ ముగించి గ్రూప్స్ రాస్తున్న అన్నను, ఎవరినో ఒకరిని అడగండి. ఎవరెస్టు ఎక్కినామె కన్నా పక్క వీధి అక్క ఎక్కువ పనికొస్తుంది. ఆమె ఇల్లు మీకు తెలుసు, ఆమె కష్టం తెలుసు. ఆమె చేయగలిగిందంటే అది అందే దూరంలోనే ఉందని మీ మనసు ఒప్పుకుంటుంది.

నాలుగోది, పేరు, మాట, బట్ట. ఒక్కరోజులో అంతా మార్చమని మేము చెప్పం. ఈ వారం ఒక్కసారి తండా పేరుతో సహా ఊరు చెప్పండి. ఒక్కసారి స్నేహితుల మధ్యే కూర్చుని ఇంటివాళ్లతో ఇంటి మాటలో మాట్లాడండి. లోకం బద్దలవదు. గోర్ బోలికి సొంత లిపి లేదని ఎవరన్నా ఎగతాళి చేస్తే, ఇంగ్లీషూ అరువు లిపిలోనే నడుస్తోందని చెప్పండి. భగవద్గీతను మన మాటలోకి తెచ్చిన కేతావత్ సోంలాల్‌కు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఆయన రాసింది తెలుగు లిపిలోనే. అదే ఏడాది తండా బతుకుల కథలు రాసిన రమేశ్ కార్తీక్ నాయక్‌కు "ఢావ్లో" పుస్తకానికి సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. ఆ పుస్తకం పేరే మన శోకపాట పేరు. పేరు చివర నాయక్ అట్లాగే ఉంది.

మన పక్కింటి ఉదాహరణ కూడా ఒకటి. లింగాల మండలం నుంచి వచ్చిన దర్శనం మొగులయ్య మన తెగవాడు కాదు, మనలాగే ఊరి అంచున బతికిన కళాకారుడు. పన్నెండు మెట్ల కిన్నెర భుజాన వేసుకుని ఊరూరా తిరిగాడు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. అవార్డుకు ముందు రోజూ, తర్వాతి రోజూ కిన్నెర అదే, గొంతు అదే. విలువ అంతకుముందు నుంచే ఉంది. చూసేవాళ్లు ఆలస్యంగా చూశారు.

ఐదోది, అవమానానికి జవాబు. అందరి ముందు కులం పేరుతో, తెగ పేరుతో తిట్టడం, కించపరచడం 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. కేసు దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి. ప్రతి వెక్కిరింతకూ పోలీసు స్టేషన్‌కు పోవాలని కాదు. తిట్టిన మాటలో తప్పు తిట్టినవాడిదని చట్టమే చెప్తోందని మన పిల్లలకు తెలియాలి. సిగ్గుపడాల్సినవాడు ఎవరో అప్పుడు తేలుతుంది. కలిసి నిలబడితే గొంతుకు బలం ఎంతో కూడా మనం చూశాం. నల్లమలలో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు పెంటల నుంచి, ఊర్ల నుంచి జనం వద్దన్నారు. 2019 సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ ఆ తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. తరగతిలో చేయి ఎత్తని పిల్లల తల్లిదండ్రులు రోడ్డు మీద చేయెత్తారు.

ఒక్క సంగతి మాత్రం ఈ జాబితాలో కలపలేం. తిండి సహించక, నిద్ర పట్టక, బతకాలని లేదన్న ఆలోచన వస్తుంటే నోటుబుక్కు సరిపోదు. వెంటనే ఎవరితోనైనా చెప్పండి. టెలీ మానస్ నంబరు 14416. రాత్రయినా పగలయినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు పడదు. కాలు విరిగితే ఆసుపత్రికి పోవడంలో లేని సిగ్గు ఇందులోనూ ఉండాల్సిన పని లేదు.

సార్లకు, మేడమ్‌లకు

కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు దారి వెతికే పజిళ్లు ఇచ్చారు. విప్పిన ప్రతి పజిల్‌కూ కొంత డబ్బు. ఎవరి కులం ఏమిటో బయటపెట్టనప్పుడు అగ్రకులాల పిల్లలూ, దళిత పిల్లలూ దాదాపు సమానంగా విప్పారు. పేరు, కులం అందరి ముందు చదివాక దళిత పిల్లలు విప్పినవి బాగా తగ్గిపోయాయి. ఆ ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. పిల్లలు అదే రకం, పజిళ్లు అవే. మధ్యలో పడింది ఒక్క ప్రకటన.

స్కాలర్‌షిప్ కాగితాల రోజున మన తరగతుల్లో జరిగేది సరిగ్గా ఇదే. "ఎస్టీలు లేవండి, లెక్క రాసుకోవాలి." లెక్క రెండు నిమిషాల్లో అయిపోతుంది. లేచిన పిల్లలు ఆ రోజంతా లేచే ఉంటారు. ఆ వివరాలన్నీ అడ్మిషన్ రిజిస్టర్‌లోనే ఉన్నాయి. అక్కడి నుంచి రాసుకోండి, లేకపోతే ఒక్కొక్కరినీ పిలిచి అడగండి. పైసా ఖర్చు లేని మార్పు ఇది.

పొగడ్తలోనూ జాగ్రత్త కావాలి. "చెంచు పిల్లవాడైనా బాగా చదువుతాడు" అనే మాటలో ఆ "అయినా" తీసేయండి. "ఈ లెక్క రెండు తీర్లుగా చేశావు, రెండోది బాగుంది" అంటే చాలు.

గద్వాల వైపు సీడు పత్తి క్రాసింగ్ రోజుల్లో బడి ఖాళీ అవుతుంది. వారాల తరబడి పొలంలో ఉండి తిరిగొచ్చిన పిల్లకు పాఠం అర్థం కాదు. "నాకు బుర్ర లేదు" అనుకుంటుంది. ఆ కొరత ఆమె బుర్రలో లేదు, హాజరు పట్టీలో ఉంది. ఆమెకు ధైర్యవచనాల కన్నా పోయిన పాఠాలు కావాలి. సాయంత్రం అరగంట కూర్చోబెట్టి ఆ పాఠాలు చెప్తే, పాఠంతో పాటు తన మీద తనకున్న అభిప్రాయం కూడా సర్దుకుంటుంది. వనపర్తిలో రాజుగారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది. ఒకప్పుడు మనవాళ్లు గేటు దగ్గరే ఆగిపోయిన భవనం. ఆ కమాను కింద నుంచి నడిచిపోయే తండా పిల్లవాడికి ఇది తన క్లాసు అని తెలియాలంటే, లోపల ఎవరో ఒకరు అతని పేరు సరిగా పలకాలి. మన పేర్లను, ఇంటిపేర్లను సరిగా పలకడం నేర్చుకోండి సార్.

మనలో మనం

బయటివాళ్ల సంగతి అయిపోయాక మన సంగతీ చెప్పుకోవాలి. మన హాస్టళ్లలో తండా పిల్లలు పెంట పిల్లలను "చెంచోడు" అని వెక్కిరించడం ఉంది. ఉద్యోగం వచ్చినవాళ్లు తండాలో ఉన్నవాళ్లను చిన్నచూపు చూడటం ఉంది. అన్నకున్న చదువు చెల్లెకు ఎందుకనడం ఉంది. పైనుంచి పడిన బరువును కిందివాళ్ల మీదికి దింపుకోవడమే ఇది. రిజర్వేషన్ల మీద, భూముల మీద తెగల మధ్య ఉన్న తగాదాలు పెద్దలు కూర్చుని తేల్చుకోవాలి. వాటిని హాస్టల్ గదుల్లోకి తేవద్దు. నెగ్గడానికి పక్క తెగ పిల్లవాణ్ణి తొక్కాల్సి వస్తే, ఆ నెగ్గడంలో మళ్లీ పాత కళ్లే ఉన్నట్టు.

సలేశ్వరం లింగమయ్య జాతరకు చైత్ర పౌర్ణమి వేళ ఎక్కడెక్కడి వాళ్లో వస్తారు. లోయలోకి దిగి చెంచు పూజారి ముందు చేతులు చాస్తారు. ఆ పూట అక్కడ ఎవరూ ఎవరినీ తెగ పేరుతో కొలవరు. ఆ మర్యాద ఏడాదిలో మిగతా రోజులకు, బడికి, బస్టాండుకు కూడా తేగలమా అన్నదే మన ముందున్న పని.

దానికి ఒక చిన్న పని మీకు అప్పగిస్తున్నాం. చాలా తండాలకు పేరు మొదట అక్కడ దిగిన నాయక్‌ను బట్టి వచ్చింది. అప్పాపూర్, మేడిమల్కల, ఈర్లపెంట లాంటి పేర్ల వెనక చెట్టో, బండో, మనిషో ఉంటారు. మీ ఊరికి ఆ పేరు ఎట్లా వచ్చిందో మీ తాతను, అవ్వను, దాదిని అడిగి ఒక పేజీ రాయండి. సార్లు ఆ పేజీలను తరగతిలో గట్టిగా చదివించండి. రాసిన పిల్ల లేచి నిలబడి, తన తండా పేరుతో మొదలుపెట్టి, తన గొంతుతో చదవాలి.